వీపీఎన్ కోసం రూటర్ ఫర్మ్‌వేర్ మార్చాలి, మధ్యలో కరెంటు పోతే?

ఒంగోలు నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం సారాంశం:

"మాకు చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ ఉంది. లెక్కలన్నీ ఒంగోలులో ఇంటి కంప్యూటర్‌లో, ట్యాలీలో ఉంటాయి. యూనిట్ దగ్గర కూర్చుని ల్యాప్‌టాప్‌తో ఇంటి రూటర్‌లోని ఓపెన్‌వీపీఎన్‌కు (ఇంటర్నెట్ మీదుగా ఇంటి నెట్‌వర్క్‌లోకి రహస్య దారి, అంటే వీపీఎన్, వేసే సాఫ్ట్‌వేర్) కలిసి బిల్లులు వేసుకుంటాను. స్టాటిక్ ఐపీ (మారని ఇంటర్నెట్ చిరునామా) ఉంది. నాలుగేళ్లుగా ఏ ఇబ్బందీ లేదు. పోయిన నెల కొత్త ల్యాప్‌టాప్ కొని ఓపెన్‌వీపీఎన్ 2.6 వేస్తే అసలు కలవడం లేదు. 'ఫెయిల్డ్ టు నెగోషియేట్ సైఫర్ విత్ సర్వర్' అని, ఏఈఎస్-128-సీబీసీ అని ఏదో చూపిస్తోంది. పాత ల్యాప్‌టాప్ మాత్రం కలుస్తోంది. అదీ ఇంట్లో కరెంటు పోయి వచ్చిన రోజు గంట, గంటన్నర కలవదు, తర్వాత దానంతటదే కలుస్తుంది. షాపులో అడిగితే రూటర్ ఫర్మ్‌వేర్ (రూటర్‌ను లోపల నడిపే సాఫ్ట్‌వేర్) మార్చమన్నారు. రూటర్‌లో ఉన్నది 2018 నాటిది, కంపెనీ సైట్‌లో 2023 నాటిది కనిపిస్తోంది. మధ్యలో కరెంటు పోతే రూటర్ ఇటుకరాయి అయిపోతుందని మా అబ్బాయి వద్దంటున్నాడు. ఏం చెయ్యమంటారు?"

మార్చండి. కాకపోతే మీ ఉత్తరంలో ఉన్నది ఒక జబ్బు కాదు, రెండు. కొత్త ల్యాప్‌టాప్ కలవకపోవడం ఒకటి, కరెంటు పోయి వచ్చాక పాతది కాసేపు కలవకపోవడం రెండోది. ఫర్మ్‌వేర్ మొదటిదానికి మందు. రెండోది దానితో పోదు. ఈ తేడా తెలియకుండా ఫర్మ్‌వేర్ మారిస్తే, వారం తిరక్కముందే కరెంటు పోయి వచ్చినప్పుడు "మార్చినా అదే కథ" అనిపిస్తుంది.

మొదటిది చూద్దాం. వీపీఎన్‌లో రెండు వైపులా ఒకే రహస్య లిపిలో మాట్లాడుకోవాలి. ఆ లిపినే సైఫర్ అంటారు. 2016 డిసెంబరులో వచ్చిన ఓపెన్‌వీపీఎన్ 2.4 నుంచి, కలిసే ముందు రెండు వైపులా తమకు తెలిసిన సైఫర్లు చెప్పుకుని, ఇద్దరికీ తెలిసినది ఎంచుకుంటాయి. మీ రూటర్‌లోని 2018 ఫర్మ్‌వేర్‌కు ఆ బేరం తెలిసినట్టు లేదు. తనకు రాసిపెట్టిన ఏఈఎస్-128-సీబీసీ ఒక్కటే పట్టుకుని కూర్చుంది. పాత ల్యాప్‌టాప్‌లోని పాత యాప్ "సరే, ఫైల్లో అదే రాసుంది కదా" అని ఒప్పుకుంటోంది. 2023 జనవరిలో వచ్చిన 2.6 అలా సర్దుకుపోదు. ఏఈఎస్-256-జీసీఎం, ఏఈఎస్-128-జీసీఎం, చాచా20-పాలీ1305, ఈ మూడింటిలో ఏదీ కుదరకపోతే తెంచేస్తుంది. కాబట్టి కొత్త ల్యాప్‌టాప్‌లో తప్పేమీ లేదు. మీ స్టాటిక్ ఐపీలోగానీ, పోర్టులోగానీ, ఆపరేటర్ లైనులోగానీ కూడా లేదు. వాటిలో తేడా ఉంటే పాత ల్యాప్‌టాప్ కూడా ఎప్పుడూ కలిసేది కాదు.

ఫర్మ్‌వేర్ మార్చేవరకు పని ఆగకుండా ఒక అతుకు వేసుకోవచ్చు. కొత్త ల్యాప్‌టాప్‌లో వీపీఎన్ సెట్టింగులు ఉండే, డాట్ ఓవీపీఎన్ అని ముగిసే ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి, కొత్త లైనులో చిన్న అక్షరాలతో డేటా-సైఫర్స్ అని ఇంగ్లీషులో కొట్టి, ఒక ఖాళీ వదిలి, ఏఈఎస్-256-జీసీఎం, ఏఈఎస్-128-జీసీఎం, ఏఈఎస్-128-సీబీసీ, ఈ మూడు పేర్లనూ మధ్యలో కోలన్ గుర్తుతో, ఖాళీలు లేకుండా రాయండి. సేవ్ చేసి కలపండి. సైఫర్ ఒక్కటే అడ్డమైతే కలుస్తుంది. ఇదే పరిస్థితిలో కొందరికి ఏఈఎస్ బదులు బీఎఫ్-సీబీసీ అని చూపిస్తుంది. అది బ్లోఫిష్. దాని బలహీనత 2016లోనే బయటపడింది, దానికి ఈ అతుకు వెయ్యొద్దు. అలాగే సర్టిఫికెట్ (కలిసేటప్పుడు చూపించే గుర్తింపు పత్రం) తనిఖీనే వదులు చేసే లైన్లు ఫైల్లో పెట్టమని ఎవరైనా చెబితే వినకండి. ఇంటి లెక్కలన్నీ ఉన్న కంప్యూటర్‌కు వెళ్లే దారి అది.

ఇక రెండో జబ్బు. ఇంటి రూటర్లలో చాలావాటికి గోడ గడియారానికి ఉన్నట్టు బ్యాటరీ ఉండదు. కరెంటు పోగానే టైము మరిచిపోతుంది. తిరిగి లేచినప్పుడు 1970 అనో, ఫర్మ్‌వేర్ తయారైన తేదీ అనో అనుకుంటుంది. ఆ తర్వాత ఇంటర్నెట్‌లోని టైమ్ సర్వర్‌ను అడిగి సరిచేసుకుంటుంది. ఇక్కడే మెలిక ఉంది. రూటర్ ఒకటి రెండు నిమిషాల్లో లేచి టైము అడుగుతుంది. ఆపరేటర్ పెట్టిన ఫైబర్ బాక్స్ అప్పటికి లైను అందుకుని ఉండదు. జవాబు రాదు. చాలా రూటర్లు మళ్లీ అడగడానికి చాలాసేపు ఆగుతాయి. మీ గంట, గంటన్నర అదే. ఈలోపు మీ ల్యాప్‌టాప్ వచ్చి తన సర్టిఫికెట్ చూపిస్తే, 2018లో ఉన్నాననుకుంటున్న రూటర్ దాని మీద నాలుగేళ్ల కిందటి తేదీ చూసి "ఇది ఇంకా మొదలవనేలేదు" అని తిప్పి పంపుతుంది. ల్యాప్‌టాప్‌కు మాత్రం అసలు కారణం చెప్పదు. 60 సెకన్లలో జవాబు రాలేదన్న సందేశమే కనిపిస్తుంది. అందుకే అది లైను తప్పులా అనిపిస్తుంది.

ఇది నిజమో కాదో మీరే తేల్చుకోవచ్చు. ఈసారి కరెంటు పోయి రాగానే ఇంట్లో ఎవరినైనా బ్రౌజర్‌లో రూటర్ సెట్టింగ్స్ పేజీ తెరిచి సిస్టమ్ టైమ్ చూడమనండి. అక్కడ పాత సంవత్సరం కనిపిస్తే అదే కారణం. కొత్త ఫర్మ్‌వేర్ వేసినా ఇది పోదు, రూటర్ 2018కి బదులు 2023లో మేల్కొంటుంది, అంతే. మీ కొత్త సర్టిఫికెట్లు అప్పటికీ దానికి రేపటివే. దీనికి విరుగుడు రెండు పనులు: టైమ్ సర్వర్ గడులు రెండూ నింపడం, రూటర్‌కూ ఫైబర్ బాక్స్‌కూ కలిపి కరెంటు పోకుండా చూడడం. ఫర్మ్‌వేర్ ఎక్కించేటప్పుడు మీ అబ్బాయి భయపడుతున్నది కూడా కరెంటు గురించే కాబట్టి ముందు ఆ ఏర్పాటు చేసేయండి.

మీ అబ్బాయి భయం ఉత్తిది కాదు. రూటర్‌లోని ఫ్లాష్ చిప్ మీద పాతది చెరిపి, ముక్కలు ముక్కలుగా కొత్తది రాస్తుంది. చెరిపినది చెరిగిపోయి, రాయాల్సినది సగంలో ఉండగా కరెంటు పోతే రూటర్ లేవదు. కానీ మామూలుగా ఈ పనిలో రూటర్‌ను మొదట లేపే బూట్‌లోడర్ అనే చిన్న భాగాన్ని ముట్టుకోరు. అది బతికి ఉన్నంతకాలం రూటర్‌ను తిరిగి లేపే దారి ఉంటుంది. ఆ దారి చివర్లో చెబుతాం. ప్రమాదం ఉన్నది మొత్తం మీద ఐదు నిమిషాలే. ఆ ఐదు నిమిషాలు కాపాడుకోగలిగితే చాలు.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే వెనక యూపీఎస్, నార్మల్ (కొన్నింటిలో ఎకో) అని స్విచ్ ఉంటుంది. దాన్ని యూపీఎస్ వైపు పెట్టండి. నార్మల్‌లో ఉంటే కరెంటు పోయినప్పుడు బ్యాటరీకి మారే ఆ క్షణం ఫ్యాన్లకు తెలియకపోయినా రూటర్‌కు తెలుస్తుంది. తర్వాత ఒక పరీక్ష చెయ్యండి: రూటర్, ఫైబర్ బాక్స్ రెండూ ఇన్వర్టర్ లైనులో పెట్టి, ఇంటి మెయిన్ దించండి. రూటర్ లైట్లు ఒక్కసారి కూడా ఆరి వెలగకూడదు. మూడుసార్లు దించి ఎత్తి చూడండి. మూడుసార్లూ నిలిస్తేనే ముందుకెళ్లండి. ఇన్వర్టర్ లేకపోతే రూటర్ల కోసమే అమ్మే చిన్న డీసీ యూపీఎస్ తీసుకోండి. కొనేముందు రెండు అడాప్టర్ల మీద రాసి ఉన్నది చదవండి. 12 వోల్టులా, 9 వోల్టులా, ఎన్ని ఆంపియర్లు అన్నది రూటర్‌కూ ఫైబర్ బాక్స్‌కూ వేరుగా ఉండొచ్చు. 9 వోల్టుల రూటర్‌కు 12 వోల్టుల పిన్ను పెడితే, ఫర్మ్‌వేర్ దాకా పోకుండానే కాలిపోతుంది.

రోజు ఎంచుకోవడంలో కూడా జాగ్రత్త. జీఎస్టీ రిటర్నులకు నెలకు 11, 20 తేదీలు ఎంత ముఖ్యమో మీకు చెప్పక్కర్లేదు. ఆ రెండింటి దగ్గర్లో ఈ పని పెట్టుకోకండి. గాలివాన, తుపాను హెచ్చరిక ఉన్న రోజులూ వద్దు. ఆదివారం పొద్దున మంచిది. ఏదైనా తేడా వస్తే సోమవారం షాపులు తెరిచేదాకా మీకు ఒక రోజు చేతిలో ఉంటుంది.

ఇప్పుడు ఫైలు. రూటర్లు కరెంటు వల్లే కాదు, తప్పు ఫైలు వల్ల కూడా పాడవుతాయి. రూటర్ బోర్లించి కింద స్టిక్కర్ చదవండి. మోడల్ పేరు పక్కన వెర్షన్ అనో, హెచ్‌డబ్ల్యూ వెర్షన్ అనో ఒక అంకె ఉంటుంది. ఒకే పేరుతో అమ్మిన రూటర్లలో వెర్షన్ 2లో ఒక చిప్, వెర్షన్ 4లో ఇంకో చిప్ ఉంటాయి. పేరు ఒకటే కదా అని వెర్షన్ 4 ఫైలు వెర్షన్ 2కు ఎక్కిస్తే కథ అక్కడే ముగుస్తుంది. రూటర్ పేజీలో కూడా హార్డ్‌వేర్ వెర్షన్ చూపిస్తుంది. స్టిక్కర్‌తో సరిచూసుకోండి. కంపెనీ సొంత సైట్‌లోనే, దేశం ఇండియా అని ఎంచుకుని, ఆ వెర్షన్ పేజీ నుంచే దించుకోండి. డ్రైవర్లు, ఫర్మ్‌వేర్లు పోగేసి పెట్టిన వేరే సైట్ల నుంచి వద్దు.

ఆ పేజీలో ఫైలు పక్కన ఏం మారిందో నాలుగైదు లైన్లు రాస్తారు. దాన్ని తప్పకుండా చదవండి. ముఖ్యంగా మూడు విషయాలు వెతకండి. ఓపెన్‌వీపీఎన్‌ను కొత్త వెర్షన్‌కు మార్చాం అనో, భద్రత పెంచాం అనో ఉందా? లేకపోతే 2023 అని తేదీ ఉన్నంత మాత్రాన మీ సమస్య తీరుతుందన్న హామీ లేదు. ముందు ఇంకో మధ్య వెర్షన్ ఎక్కించాకే దీన్ని ఎక్కించాలి అని ఉందా? ఉంటే ఆ ఫైలు కూడా దించుకోండి, దూకెయ్యకండి. ఎక్కించాక వెనక్కి పోవడం కుదరదు అని ఉందా? ఉంటే అది తెలిసే చెయ్యండి. ఇవి చూశాక, ఇప్పుడు రూటర్‌లో నడుస్తున్న 2018 ఫైలు కూడా అదే పేజీలో దొరికితే దించి పక్కన పెట్టుకోండి.

దించినది జిప్ అయితే విప్పండి. రూటర్‌కు ఇవ్వాల్సింది సాధారణంగా లోపల ఉండే బిన్ ఫైలు. కంపెనీ పేజీలో ఎస్‌హెచ్‌ఏ-256 అని పొడుగాటి అంకెలు, అక్షరాల వరుస ఇస్తే పోల్చి చూడండి. ల్యాప్‌టాప్‌లో 7-జిప్ ఉంటే ఫైలు మీద రైట్ క్లిక్ చేసి అక్కడే ఆ వరుస తీయొచ్చు. మొదటి ఆరు, చివరి ఆరు అక్షరాలు కలిసినా దించేటప్పుడు ఫైలు దెబ్బతినలేదని తెలిసిపోతుంది.

ఒక మాట మధ్యలో. ఆపరేటర్ పెట్టిన ఫైబర్ బాక్స్‌కు ఈ ప్రయోగం చెయ్యకండి. దాని ఫర్మ్‌వేర్‌ను వాళ్లే దూరం నుంచి మారుస్తారు. లైను గుర్తింపు వివరాలు కూడా దానిలోనే ఉంటాయి. మీరు చెయ్యాల్సింది మీరు కొన్న రూటర్‌కు మాత్రమే.

ఎక్కించే ముందురోజు రాత్రి రూటర్ పేజీలో ఒక్కొక్క మెనూ తెరిచి ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి. కాగితం మీద మాత్రం ఇవి రాసుకోండి: ఇంటర్నెట్ కనెక్షన్ రకం, పీపీపీఓఈ (లాగిన్ అయితేనే నడిచే లైను) అయితే యూజర్ పేరు, పాస్‌వర్డ్, మీకిచ్చిన స్టాటిక్ ఐపీ, సబ్‌నెట్ మాస్క్, గేట్‌వే, డీఎన్ఎస్, ఆపరేటర్ వీల్యాన్ నంబరు ఇచ్చి ఉంటే అది, వైఫై పేరు, పాస్‌వర్డ్, ట్యాలీ కంప్యూటర్‌కు కేటాయించిన లోపలి ఐపీ, వీపీఎన్ పోర్టు (ఓపెన్‌వీపీఎన్‌కు మామూలుగా యూడీపీ 1194). పీపీపీఓఈ పాస్‌వర్డ్ పేజీలో చుక్కలుగా కనిపిస్తుంది, ఫొటో తీసినా పనికిరాదు. శనివారమే ఆపరేటర్‌కు ఫోన్ చేసి అడిగి రాసుకోండి. ఆదివారం పొద్దున వాళ్లు దొరక్కపోవచ్చు.

రూటర్ పేజీలో బ్యాకప్ బొత్తం కూడా ఉంటుంది, నొక్కి ఫైలు దాచుకోండి. కానీ ఆ బ్యాకప్‌ను కొత్త ఫర్మ్‌వేర్ మీద తిరిగి ఎక్కించకండి. ఇది చాలామంది చేసే పొరపాటు. మీ పాత సర్టిఫికెట్లు, పాత సైఫర్ కూడా ఆ బ్యాకప్‌లో ఉండొచ్చు. ఫర్మ్‌వేర్ కొత్తదైనా వాటిని మళ్లీ లోపలికి తెచ్చుకుంటే జబ్బును కూడా తిరిగి తెచ్చుకున్నట్టే. ఆ ఫైలు ఉపయోగపడేది, మీరు మళ్లీ 2018 ఫర్మ్‌వేర్‌కే వెనక్కి పోవాల్సి వస్తేనే.

ఇక ఆదివారం. చీమకుర్తిలో కూర్చుని వీపీఎన్ మీదుగా చెయ్యకండి. ఇంట్లోనే, వైఫై మీద కాకుండా కేబుల్ మీద చెయ్యండి. ల్యాప్‌టాప్ నుంచి రూటర్ ల్యాన్ పోర్టుకు కేబుల్ పెట్టి, ల్యాప్‌టాప్ వైఫై ఆపండి. స్లీప్‌లోకి పోకుండా సెట్ చెయ్యండి. ఇంటర్నెట్ వచ్చే కేబుల్, మిగతా ల్యాన్ కేబుళ్లు, పెన్‌డ్రైవ్ ఉంటే అది, అన్నీ తీసెయ్యండి. రూటర్‌ను ఒకసారి రీస్టార్ట్ చేసి మూడు నిమిషాలు ఆగండి. ఫైలు ముందు రూటర్ మెమరీలోకి చేరి, అక్కడి నుంచి ఫ్లాష్ మీదికి వెళ్తుంది. నెలల తరబడి ఆగకుండా నడిచిన చిన్న రూటర్‌లో ఆ మెమరీకి చోటు చాలకపోవచ్చు.

బ్రౌజర్‌లో రూటర్ నంబరు కొట్టి లోపలికి వెళ్లండి. సిస్టమ్ టూల్స్‌లోనో అడ్మినిస్ట్రేషన్‌లోనో ఫర్మ్‌వేర్ అప్‌గ్రేడ్ ఉంటుంది. బిన్ ఫైలు ఎంచుకుని, పేరులో మోడల్, వెర్షన్ మళ్లీ ఒకసారి చదివి నొక్కండి. ఆ తర్వాత చేతులు తీసెయ్యండి. గడియారం చూసి పది నిమిషాలు దేన్నీ ముట్టుకోవద్దు. గీత 100 దాకా వచ్చి ఆగిపోయినట్టు ఉన్నా, పేజీ తెరుచుకోవడం లేదని వచ్చినా కంగారు పడకండి. రూటర్ రీస్టార్ట్ అయి దాని నంబరు 192.168.1.1 నుంచి 192.168.0.1కు మారి ఉండొచ్చు, లేదా అటునుంచి ఇటు. పాత నంబరు దగ్గర పేజీ ఎదురుచూస్తూ ఉంటుంది, అంతే. రూటర్ చచ్చిపోయిందనుకుని ఈ నిమిషాల్లో ప్లగ్గు పీకడం వల్లే చాలా రూటర్లు నిజంగా చచ్చిపోతాయి.

పది నిమిషాల తర్వాత లైట్లు మామూలుగా ఉంటే లోపలికి వెళ్లి కొత్త వెర్షన్ తేదీ కనిపిస్తోందో చూడండి. తర్వాత రీసెట్ బొత్తాన్ని పిన్నుతో పది సెకన్లు నొక్కి ఫ్యాక్టరీ సెట్టింగ్స్‌కు తీసుకెళ్లండి. పాత సెట్టింగులు కొత్త ఫర్మ్‌వేర్‌లో సగం అతుక్కుని, సగం అతుక్కోకుండా వింత తప్పులు తెస్తాయి. కాగితం చూసి అన్నీ చేత్తో కొట్టుకోవడానికి అరగంట పట్టినా మంచిదే. అడ్మిన్ పాస్‌వర్డ్ కొత్తది పెట్టండి. రిమోట్ మేనేజ్‌మెంట్, యూపీఎన్‌పీ, డబ్ల్యూపీఎస్ ఆపెయ్యండి.

రూటర్ లోపలి నంబరు ఇక్కడే మార్చుకోండి. ఫ్యాక్టరీ సెట్టింగ్స్‌లో అది 192.168.0.1 లేదా 192.168.1.1 అవుతుంది. చీమకుర్తి యూనిట్‌లో ఉన్న రూటర్ కూడా వీటిలో ఒకటే అయ్యే అవకాశం ఎక్కువ. అలాంటప్పుడు వీపీఎన్ కలిసినట్టే చూపిస్తుంది గానీ ట్యాలీ కంప్యూటర్ కనపడదు. మీ ల్యాప్‌టాప్ ఆ నంబరును యూనిట్‌లోనే వెతుక్కుంటుంది, ఒంగోలు దాకా పంపదు. ఇంటి రూటర్‌కు 192.168.57.1 లాంటి మామూలుగా ఎవరూ వాడని నంబరు ఇస్తే ఈ తలనొప్పి ఉండదు. ట్యాలీ కంప్యూటర్‌కు కూడా అదే వరుసలో, ఉదాహరణకు 192.168.57.20, అడ్రస్ రిజర్వేషన్ చెయ్యండి.

ఇప్పుడు ఇంటర్నెట్ కేబుల్ పెట్టి, లైను వచ్చాక, వీపీఎన్ కంటే ముందు టైము సరిచెయ్యండి. టైమ్ జోన్ ప్లస్ 5:30. టైమ్ సర్వర్ మొదటి గడిలో ఇన్ డాట్ పూల్ డాట్ ఎన్‌టీపీ డాట్ ఆర్గ్, రెండో గడిలో టైమ్ డాట్ గూగుల్ డాట్ కామ్, ఇంగ్లీషులో. పేజీలో ఈనాటి తేదీ, గంట సరిగ్గా కనిపించాకే సర్టిఫికెట్ తయారు చెయ్యమనే బొత్తం నొక్కండి. ఈ వరుస తప్పకూడదు. రూటర్ ఇంకా 1970లో ఉండగా పదేళ్ల సర్టిఫికెట్ తయారు చేస్తే అది 1980లోనే ముగిసిపోతుంది. అప్పుడు ఎంత కొత్త ఫర్మ్‌వేర్ ఉన్నా ఏ ల్యాప్‌టాప్ కలవదు. "ఫర్మ్‌వేర్ వేశాక ఉన్నది కూడా పోయింది" అనేవాళ్లు ముందు చూడాల్సింది ఈ తేదీయే.

సర్టిఫికెట్లు తప్పనిసరిగా కొత్తగా తయారు చేయించాలి. 2018 నాటి ఫర్మ్‌వేర్ చేసిన సర్టిఫికెట్లలో 1024 బిట్ల కీలు, పాత సంతకం పద్ధతులు ఉండే అవకాశం ఉంది. కొత్త యాప్‌లు వాటిని 'కీ టూ స్మాల్' అనో, 'ఎండీ టూ వీక్' అనో తిరగ్గొడతాయి. తయారయ్యాక ఎక్స్‌పోర్ట్ నొక్కితే కొత్త ఓవీపీఎన్ ఫైలు వస్తుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. సైఫర్ దగ్గర జీసీఎం అని కనిపిస్తే పని సగం అయినట్టే. ఇంకా సీబీసీయే ఉంటే తొందరపడకండి, ముందు కలిపి చూడండి. సర్వర్ బేరం నేర్చుకుని ఉంటే ఆ లైనును పట్టించుకోకుండా జీసీఎం మీదే కలుస్తుంది. కలిశాక లాగ్‌లో డేటా ఛానల్ సైఫర్ ఏదో రాసి ఉంటుంది.

పరీక్షించడానికి చీమకుర్తి దాకా పోనక్కర్లేదు, ఇంటి వైఫై మీద చెయ్యకూడదు కూడా. లోపలి నుంచి బయటి ఐపీకి తిరిగి రావడం అన్ని రూటర్లకూ చేతకాదు, లేని తప్పు చూపిస్తుంది. ఫోన్‌లో మొబైల్ డేటా పెట్టి హాట్‌స్పాట్ ఇచ్చి, ల్యాప్‌టాప్ దానికి కలిపి వీపీఎన్ నొక్కండి. కలిశాక ట్యాలీ కంప్యూటర్‌కు వెళ్లండి. కలిసి, చిన్న చిన్నవి వస్తూ, తెర మాత్రం నల్లగా ఆగిపోతే అది ప్యాకెట్ల సైజు గొడవ. పీపీపీఓఈ లైనులో ప్యాకెట్ 1500 కాకుండా 1492 బైట్లే పడుతుంది, వీపీఎన్ కవరు దాని మీద ఇంకా బరువు. ఓవీపీఎన్ ఫైల్లో ఎంఎస్ఎస్‌ఫిక్స్ 1300 అని ఇంగ్లీషులో ఒక లైను చేరిస్తే సాధారణంగా సర్దుకుంటుంది.

చివరగా మెయిన్ దించి, ఎత్తి, రూటర్ టైము నిలిచిందో లేదో చూడండి. ఇన్వర్టర్ మీద రెండు పెట్టెలూ ఆరకుండా నిలిస్తే టైము పోదు, ఆ గంటసేపటి ఇబ్బందీ ఉండదు.

అన్నీ జాగ్రత్తగా చేసినా రూటర్ లేవకపోతే? పావుగంట ఆగాక ఒకసారి ఆపి, వేసి చూడండి. 192.168.0.1, 192.168.1.1 రెండూ ప్రయత్నించండి. రాకపోతే రూటర్ ఆపి, రీసెట్ బొత్తం నొక్కి పట్టుకునే కరెంటు ఇచ్చి, ఒక లైటు వేగంగా మిణుకుమిణుకుమనేదాకా, దాదాపు పది సెకన్లు, వదలకండి. ల్యాప్‌టాప్‌కు 192.168.0.10, మాస్క్ 255.255.255.0 అని చేత్తో ఇచ్చి, బ్రౌజర్‌లో 192.168.0.1 తెరవండి. కొన్ని కంపెనీల రూటర్లలో అక్కడ ఫైలు అడిగే ఒక సాదా పేజీ వస్తుంది. బిన్ ఫైలు ఇస్తే లేస్తుంది. ఇంకొన్ని అలా పేజీ చూపించవు, తామే ల్యాప్‌టాప్ నుంచి టీఎఫ్‌టీపీ ద్వారా ఫైలు లాక్కుంటాయి. టీపీ-లింక్ ఆర్చర్ మోడళ్లలో చాలావాటికి ల్యాప్‌టాప్ నంబరు 192.168.0.66 ఉండాలి, ఫైలు పేరు కూడా అవి అడిగినట్టే ఉండాలి. మీ మోడల్‌కు ఏ దారో శనివారమే కంపెనీ సహాయం పేజీలో చదివి, ఆ పేజీని ల్యాప్‌టాప్‌లో దాచుకోండి. ఆదివారం రూటర్ లేవకపోతే వెతకడానికి ఫోన్ డేటా ఒక్కటే మిగులుతుంది.

కంపెనీ ఇచ్చిన వివరాల్లో ఓపెన్‌వీపీఎన్ ఊసే లేకపోయినా, ఎక్కించాక కూడా 2.6తో అదే సైఫర్ గొడవ వచ్చినా, ఆ రూటర్‌తో ఇక కుస్తీ పట్టకండి. మా సలహా వైర్‌గార్డ్ (ఓపెన్‌వీపీఎన్ లాంటిదే ఇంకో వీపీఎన్ పద్ధతి) ఉన్న రూటర్ కొనమని. 2020 మార్చిలో లినక్స్ కెర్నల్ 5.6లో చేరినప్పటి నుంచి అది కొత్త రూటర్లలో విరివిగా వస్తోంది. చిన్న ప్రాసెసర్ మీద కూడా ఓపెన్‌వీపీఎన్ కంటే బాగా వేగంగా నడుస్తుంది. ఉన్న రూటర్‌కే ఓపెన్‌వర్ట్ (కంపెనీది కాకుండా ఉచితంగా దొరికే రూటర్ ఫర్మ్‌వేర్) వేద్దామనుకుంటే, మీ మోడల్, వెర్షన్ రెండూ దాని జాబితాలో ఉన్నాయో లేదో ముందు చూడండి. 4 ఎంబీ ఫ్లాష్, 32 ఎంబీ ర్యామ్ ఉన్న పాత పెట్టెల్లో ఇప్పటి ఓపెన్‌వర్ట్ పట్టదు.

ఒకటి మీరు అడగలేదు గానీ చెప్పాలి. వీపీఎన్ మీదుగా ట్యాలీ డేటా ఫోల్డర్‌ను నేరుగా తెరిచి పనిచేస్తుంటే మానెయ్యండి. లైను మధ్యలో తెగితే డేటా పాడవుతుంది. వీపీఎన్ కలిశాక రిమోట్ డెస్క్‌టాప్‌తో ఇంటి కంప్యూటర్ తెరనే తెచ్చుకుని, ట్యాలీని అక్కడే నడపండి. దానికి ఇంటి కంప్యూటర్‌లో విండోస్ ప్రో ఉండాలి. వీపీఎన్ ఎందుకు, రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు 3389ని రూటర్‌లో తెరిచేస్తే సరిపోతుంది కదా అని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోకండి. తెరిచిన ఆ పోర్టును వెతికి, పాస్‌వర్డ్లు కొట్టి చూసే ప్రోగ్రాములు రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉంటాయి.

అంతా కుదిరాక పాత ల్యాప్‌టాప్‌లో కూడా 2.6 వేసి, కొత్త ఓవీపీఎన్ ఫైలు పెట్టండి. రెండింటిలోనూ పాత ఫైలు తీసెయ్యండి, కొత్త ల్యాప్‌టాప్‌లో వేసుకున్న డేటా-సైఫర్స్ అతుకు కూడా దానితోనే పోతుంది.